రోజుకు ఒక లీటరు

వందనాలమ్మా. పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలుగా మంచంలో ఉన్న నాన్నగారి గురించి తిరుపతి నుంచి మీరు అడిగిన ప్రశ్న రెండుసార్లు చదివాను. "ఉపవాసాలు ఉన్నాను, ప్రార్థనలు చేయించాను, ఏమీ మారలేదు. నీ విశ్వాసం చాలదు, ఇంట్లో ఏదో పాపం ఉంది అంటున్నారు. ప్రార్థనకు నోట మాట రావడం లేదు. ఇంత బాధలో కూడా విశ్వాసం నిలబెట్టుకున్నవాళ్లు నిజంగా ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. ఉన్నానని చెప్పడానికే రాస్తున్నాను. నిలబెట్టుకున్నాను అనడం మాత్రం గొప్పలు పోవడమే అవుతుంది. నేను చాలాసార్లు చెయ్యి వదిలేశాను. పడిపోకుండా పట్టుకున్నవాళ్లు వేరే ఉన్నారు. వాళ్ల గురించి చెప్పాలంటే కాస్త పొడుగ్గానే రాయాలి, ఓపిక పట్టండి.

మాది చిత్తూరు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా తాత మిషన్ బడిలో చదువుకుని బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రకంగా విశ్వాసం మాకు ఆస్తిలో వాటాగా వచ్చింది. అటక మీది ఇత్తడి బిందె లాంటిదనుకోండి. క్రిస్మస్‌కు దించి చింతపండు వేసి తళతళలాడేలా తోమేవాళ్లం, పండుగ కాగానే మళ్లీ అటకెక్కించేవాళ్లం.

మా ఆయన మామిడి మండీలో కమీషన్ వ్యాపారం చేసేవారు. 2014 వేసవిలో, సరిగ్గా తోతాపురి లారీలు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరే రోజుల్లో, ఆయన కాళ్లు వాచాయి. చెప్పులు పట్టలేదు. ఎండకు అనుకున్నాం. ఇరవై ఏళ్లుగా ఉన్న షుగర్ రెండు మూత్రపిండాలనూ తినేసిందని పరీక్షల్లో తేలింది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు డయాలసిస్. అప్పట్లో మా ఊళ్లో ఖాళీ దొరకక మొదటి ఏడాది తిరుపతికే తిరిగాం.

డయాలసిస్ అంటే యంత్రం, సూదులు, రక్తం అనుకుంటారు అందరూ. ఇంట్లో అది నీళ్ల లెక్క. ఆయనకు రోజుకు ఒక లీటరు ద్రవం అని గీత గీశారు. కాఫీ, మజ్జిగ, మాత్ర మింగే గుక్క, అన్నీ అందులోకే వస్తాయి. పొద్దున లేవగానే ఒక లీటరు సీసా నిండా నీళ్లు పట్టి కిటికీ గూట్లో పెట్టేదాన్ని. ఆయన అర గ్లాసు కాఫీ తాగితే సీసాలోంచి అర గ్లాసు నీళ్లు పారబోసేదాన్ని. రాత్రికి సీసాలో ఎంత మిగిలితే అంతే దాహం తీరేది. ఏప్రిల్ నెల చిత్తూరు ఎండలో సాయంత్రం ఏడింటికే సీసా ఖాళీ అయితే ఆ రాత్రి ఎలా గడుస్తుందో ఒక్కసారి ఊహించండి. కూరగాయలు చెక్కు తీసి సన్నగా తరిగి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వంపేయాలి. పొటాషియం తగ్గడానికి. అది రక్తంలో పేరుకుపోతే గుండె ఆగిపోవచ్చు. కొబ్బరి నీళ్లు వద్దు, అరటిపండు వద్దు. మామిడి అసలే వద్దు.

నలభై ఏళ్లు మామిడితో బతికిన మనిషికి మామిడి వద్దు! సీజన్‌లో పాత స్నేహితులు బుట్టలు పంపేవాళ్లు. ఆయన ఒక పండు తీసుకుని తొడిమ దగ్గర వాసన చూసి, "ఇది ఇంకో రెండు రోజులు ఆగాలి" అనో, "ఇది ఇవాళే కోయి" అనో చెప్పి నా చేతిలో పెట్టేవారు. నేను తినేదాకా అక్కడే కూర్చునేవారు. నేను తినేదాన్ని. అంతకంటే కష్టమైన పని ఇంకొకటి చేసిన గుర్తు లేదు.

తిరుపతి బస్సు మామిడి మండీల పక్కనుంచే వెళ్తుంది. ఆయన కిటికీ వైపు చూడకుండా కళ్లు మూసుకునేవారు. చంద్రగిరి దాటగానే కొండలు కనిపిస్తాయి. బస్సు నిండా మొక్కు తీర్చుకోవడానికి వెళ్లేవాళ్లు, గుండ్లు చేయించుకుని తిరిగి వచ్చేవాళ్లు, మధ్యలో చేతికి కట్టుతో మేము. ఒకసారి తిరుగు ప్రయాణంలో ఒక పెద్దావిడ ఆయన్ను చూసి ఏమైందని అడిగింది. చెప్పాను. "ఈసారి కొండకు వచ్చినప్పుడు మీ ఆయన పేరు కూడా చెప్పుకుంటానమ్మా" అని కళ్లు తుడుచుకుని ఒక లడ్డూ నా చేతిలో పెట్టింది. ఆ లడ్డూ ఏం చేశానో ఇక్కడ రాయను. రాస్తే రెండు వైపులవాళ్లూ నన్ను తిడతారు. కానీ ఆ నెలంతా మా ఆయన కోసం ఏడ్చిన మొదటి పరాయి మనిషి ఆవిడే.

ఎందుకంటే మన చర్చివాళ్లు అప్పటికే తీర్పులు మొదలుపెట్టారు. "ఇంట్లో ఏదో దాచిన పాపం ఉంటుంది" అన్నది ఒకరు. "దశమభాగం, సంపాదనలో పదో వంతు, చర్చికి సరిగ్గా ఇస్తున్నారా?" అన్నది ఇంకొకరు. ఒక రాత్రి ప్రార్థన కూటానికి బయటినుంచి వచ్చిన ప్రసంగీకుడు మా ఆయన తల మీద చెయ్యి పెట్టి, స్వస్థత జరిగిపోయిందని, ఇక సూదులతో పని లేదని, యంత్రం దగ్గరికి వెళ్లడమే అవిశ్వాసమని చెప్పాడు. ఆయన నమ్మారు. నేను చదువుకున్నదాన్ని, నేనూ నోరు మూసుకున్నాను. ఒక్క డయాలసిస్ మానేశాం. రెండో రాత్రి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి, పడుకోలేక, కూర్చోలేక, నీళ్లలోంచి బయటపడ్డ చేపలా నోరు తెరిచి గాలి కోసం కొట్టుకున్నారు. అర్ధరాత్రి కారు దొరికించుకుని ఆసుపత్రికి చేరేసరికి తెల్లవారుజాము అయింది. బతికారు. ఆ ప్రసంగీకుడు అప్పటికే ఇంకో ఊళ్లో ఉన్నాడు. అందుకే ముందుగా చెబుతున్నాను, మీ నాన్నగారి మందులు, ఫిజియోథెరపీ ఏ ప్రార్థన కోసమూ ఒక్క పూట కూడా ఆపకండి. పౌలుతో తిరిగిన లూకా వైద్యుడే. ఆయన్ను వృత్తి మానుకోమని పౌలు ఎక్కడా రాయలేదు.

ఆ తర్వాత మూడు నెలలు నేను చర్చికి వెళ్లలేదు. బైబిలు తెరవలేదు. ఆ బిందె అటక మీదే ఉండనీ అనుకున్నాను.

అప్పుడు వచ్చింది అవ్వ. మా చర్చిలో ఒకప్పుడు బైబిల్ ఉమన్‌గా, అంటే ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లకు బైబిలు చదివి వినిపించే మనిషిగా, పనిచేసిన ముసలావిడ, ఎనభై ఏళ్లు దాటినావిడ. ఒక మంగళవారం సాయంత్రం ఏమీ చెప్పకుండా వచ్చి, వంటింట్లో కత్తిపీట వాల్చుకుని కూర్చుని, "ఏం తరగాలి టీచరమ్మా?" అంది. ఆలుగడ్డలు ఇచ్చాను. తరిగింది, నీళ్లలో వేసింది, వెళ్లిపోయింది. వచ్చే మంగళవారం మళ్లీ వచ్చింది. నాలుగైదు వారాలు ప్రార్థన అన్న మాటే ఎత్తలేదు. చివరికి నేనే ఉండబట్టలేక, "అవ్వా, నా విశ్వాసం చాలదని నువ్వు చెప్పవా?" అని అడిగాను.

ఆవిడ కత్తిపీట మీద చెయ్యి ఆపి తన కథ చెప్పింది. పదిహేనేళ్ల వయసులో క్షయ వస్తే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో చేర్చారట. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ నాయకత్వంలో కొన్ని మిషన్లు కలిసి కట్టిన ఆసుపత్రి అది. మందులు ఇంకా అందరికీ అందని కాలం. మంచి గాలి, తిండి, విశ్రాంతి, అదే ప్రధాన వైద్యం. "నా పక్క మంచంలో నా ఈడు పిల్ల ఉండేది టీచరమ్మా. నాకంటే బాగా పాడేది, నాకంటే ఎక్కువ ప్రార్థన చేసేది. ఆ పిల్ల పోయింది. నేను ఉన్నాను. ఎందుకని దేవుణ్ణి అప్పటినుంచీ అడుగుతూనే ఉన్నాను. ఆయన చెప్పలేదు. నేను అడగడం మానలేదు. మాకిద్దరికీ అలవాటైపోయింది" అంది. అని మళ్లీ ఆలుగడ్డ అందుకుంది.

నాకు తెలిసిన ప్రార్థనలన్నీ దేవుడి ముందు చేతులు కట్టుకుని మాట్లాడేవే. ఈవిడ అరవై ఐదేళ్లుగా ఆయనతో తగువు పెట్టుకుని, ఆయన ఇంట్లోనే ఉంటోంది.

వెళ్తూ వెళ్తూ విలాపవాక్యములు చదవమంది. బైబిలులో యిర్మీయా తర్వాత వచ్చే ఐదు అధ్యాయాల చిన్న పుస్తకం. క్రీస్తు పూర్వం 586లో బబులోను సైన్యం యెరూషలేమును కూల్చేశాక పుట్టిన ఏడుపు. తెలుగు టీచరును కదా, ముందు నన్ను పట్టుకున్నది దాని కట్టు. హెబ్రీ భాషకు ఇరవై రెండు అక్షరాలు. మొదటి, రెండో, నాలుగో అధ్యాయాల్లో ఇరవై రెండేసి వచనాలు, ఒక్కో వచనం ఒక్కో అక్షరంతో వరుసగా మొదలవుతుంది. మూడో అధ్యాయంలో అక్షరానికి మూడేసి చొప్పున అరవై ఆరు. తెలుగులోకి వచ్చేసరికి ఈ వరుస కనబడదు, వచనాల సంఖ్యలో మాత్రం జాడ మిగిలింది. ఒకటో తరగతి పిల్లలకు అ, ఆ, ఇ, ఈ వరుసలో పాటలు కట్టి నేర్పినట్టు, అతనెవరో ఊరు తగలబడిపోయాక అక్షరమాల వరుసలో ఏడ్చాడు. ఐదో అధ్యాయానికి వచ్చేసరికి వచనాలు ఇరవై రెండే ఉన్నా అక్షరాల వరుస ఉండదు. ఓపిక అయిపోయిందేమో. ఇది నా ఊహ మాత్రమే, పండితులు ఏమంటారో వాళ్లిష్టం.

అందరూ గోడకు తగిలించుకునే వాక్యం ఈ పుస్తకంలోదే. "అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది." మా ఇంట్లోనూ క్యాలెండరు మీద ఉండేది. అది పుస్తకం చివర ఉంటుందనుకునేదాన్ని, కష్టాలన్నీ తీరాక చెప్పిన మాట అనుకునేదాన్ని. అది మూడో అధ్యాయంలో ఉందమ్మా, నట్టనడుమ. దాని తర్వాత మళ్లీ ఆకలి, మళ్లీ శవాలు. పుస్తకం ముగిసేది మమ్మల్ని పూర్తిగా వదిలేశావా అన్న మాట దగ్గరే. ఆ వాక్యం రాసినవాడి పరిస్థితి ఆ రోజు మారలేదు. అయినా రాశాడు.

మర్నాడు పొద్దున సీసాలో నీళ్లు పడుతుంటే "అనుదినము" అన్న మాట నోట్లోకి వచ్చింది. నిన్నటి సీసా నిన్నే ఖాళీ. రేపటిది ఇవాళ పట్టి దాచినా పనికిరాదు, లెక్క తప్పుతుంది. ఆ రోజు నుంచి సీసా నిండేదాకా ఒక్కటే ప్రార్థన చేసేదాన్ని, "ఈ లీటరుకు సరిపడా ఓపిక ఇవ్వు." ఏడాదికి సరిపడా ఎప్పుడూ ఇవ్వలేదు. లీటరుకు సరిపడా ఇచ్చాడు. ఇవ్వని రోజులూ ఉన్నాయి. ఆ రోజుల్లో మా ఆయన మీద అరిచాను, ఇంట్లో గిన్నెలకు సొట్టలు కూడా పడ్డాయి.

మీ ప్రశ్నలో పాపం సంగతి కూడా ఉంది కాబట్టి ఒక్క మాట. లూకా సువార్త పదమూడో అధ్యాయంలో సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోయిన సంగతి యేసే ఎత్తాడు. వాళ్లు మిగిలినవాళ్లకంటే పాపులనుకుంటున్నారా అని ఆయనే అడిగి, కాదని ఆయనే చెప్పాడు. ఈసారి మీ ఇంటికి వచ్చి పాపాలు తవ్వేవాళ్లకు ఆ వచనాలు చదివి వినిపించండి. నోట మాట రావడం లేదని రాశారు కదా. పదమూడో కీర్తన చదవండి, ఆరే వచనాలు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలవుతుంది. మీరు అనడానికి భయపడుతున్న మాట దావీదు మీకంటే ముందే అనేశాడు.

మా ఆయన 2018 ఫిబ్రవరిలో వెళ్లిపోయారు. అప్పటికి దాదాపు ఆరు వందల సార్లు యంత్రం ఎక్కారు, ఎక్కిన ప్రతిసారీ రెండు సూదులు. ఎడమ చేతి మీద ఫిస్టులా ఉండేది, ధమనిని సిరతో కలిపి కుట్టిన చోటు. వేలు పెడితే తుమ్మెద రొద చేస్తున్నట్టు లోపల అదురుతూ ఉంటుంది. ఆ అదురు ఉంటేనే అది పనిచేస్తున్నట్టు. రోజూ రాత్రి లైటు తీసేముందు అక్కడ వేళ్లు ఆనించి చూసుకుని పడుకునేదాన్ని. ఆఖరి రోజు ఆసుపత్రిలో కూడా వేళ్లు అక్కడే ఉన్నాయి. రొద ఆగిన సంగతి నర్సుకంటే ముందు నాకే తెలిసింది.

ఆ ఏడాది ఏప్రిల్ 1న ఈస్టరు. తెల్లవారుజామున అందరం సమాధుల దగ్గరికి వెళ్లాం. కొత్త సమాధి, సున్నం ఇంకా వేళ్లకు అంటుకుంటోంది. చుట్టూ కొవ్వొత్తులు, పాటలు. నేను పాడలేకపోయాను. మా చర్చి అయ్యగారు యోహాను సువార్త ఇరవయ్యో అధ్యాయం చదివారు. సమాధిలోంచి లేచిన యేసు, నమ్మనన్న శిష్యుడు తోమాను పిలిచి తన చేతుల్లోని గాయాలు చూడమంటాడు కదా. చిన్నప్పటినుంచీ విన్నదే. మరణాన్ని గెలిచి వచ్చినవాడు ఆ మచ్చలు మాత్రం చెరిపేసుకోలేదని ఆ రోజే నా చెవిన పడింది. నాకు ఆ ఎడమ చెయ్యి గుర్తొచ్చింది, తాడులా ఉబ్బిన నరం, సూదుల పొక్కులు. పునరుత్థానం, చనిపోయినవాళ్లు తిరిగి లేవడం, అంటే నాకు ఆ చెయ్యి కావాలి, ఆ మచ్చలతో సహా కావాలి అనుకున్నాను. అంతవరకూ నాకు పునరుత్థానం విశ్వాస ప్రమాణంలో ఒక వరుస. అక్కడ సున్నం చేతులతో నిలబడి మొదటిసారి దాన్ని ఆశించాను. నమ్మకం ఎప్పుడు వచ్చిందని ఎవరైనా అడిగితే ఆ రోజే చెబుతాను, అదీ కొంచెం తటపటాయిస్తూ.

అంత్యక్రియలు అయిన మర్నాడు పొద్దున జరిగింది కూడా చెప్పేస్తాను. నిద్రలేచి అలవాటు కొద్దీ సీసా నిండా నీళ్లు పట్టేశాను. కిటికీ గూట్లో పెట్టాక గుర్తొచ్చింది. పారబోయబుద్ధి కాలేదు. ఆ లీటరు నీళ్లూ సాయంత్రం దాకా కొంచెం కొంచెంగా నేనే తాగాను.

అవ్వ కూడా ఇప్పుడు లేదు. మా ఊరి నుంచి మీ ఊరికి బస్సులో రెండు గంటలే. మీకు అభ్యంతరం లేకపోతే ఒక మంగళవారం వస్తాను. ప్రసంగం చెయ్యను. ఇంట్లో కత్తిపీట ఉంటే చాలు.