టెక్ సందేహాలు: స్కానర్ సరే, డిప్‌స్టిక్ తీసి చూశారా?

సందేహం: నా పెట్రోల్ కారుకు పదిహేనేళ్లు దాటాయి. ఇంజిన్ బాగా వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగితే ఎర్రటి ఆయిల్ లైటు మిణుకుమిణుకుమంటోంది. యాక్సిలరేటర్ తొక్కగానే ఆరిపోతోంది. కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ పెట్టి ఫోన్లో చూస్తే ఏ కోడూ లేదు. లైటుదే లోపం అనుకోవచ్చా?

జవాబు: అనుకోకండి. స్కానర్ అబద్ధమాడలేదు, మీరడిగింది దానికి తెలియదంతే. ఈ స్కానర్లు చదివే ఓబీడీ2 ప్రామాణిక రీడింగుల్లో ఆయిల్ ఉష్ణోగ్రత ఉంది (అది కూడా అన్ని కార్లూ పంపవు), ఆయిల్ ప్రెషర్ మాత్రం లేదు. పీ0520 నుంచి పీ0524 వరకు ప్రెషర్‌కు సంబంధించిన కోడ్‌లు ఉన్నమాట నిజమే. కానీ పాత కార్లలో చాలావాటికి ఉండేది మామూలు స్విచ్. ప్రెషర్ దాదాపు అర బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) కిందికి పడితే సర్క్యూట్ కలిసి లైటు వెలుగుతుంది. ఆ వైరు నేరుగా డ్యాష్‌బోర్డుకే వెళ్తే, కంప్యూటర్‌కు కబురే అందదు. ఇక కోడ్ ఎక్కణ్నుంచి వస్తుంది?

ముందు డిప్‌స్టిక్, అంటే ఇంజిన్‌లో ఆయిల్ మట్టం చూసే పుల్ల తీయండి. బండి చదునైన చోట ఆపి, ఇంజిన్ కట్టేసి, పది నిమిషాలాగండి. తీసి తుడిచి, పూర్తిగా లోపలికి దింపి, మళ్లీ తీసి చూడండి. మొదటిసారి తీసినప్పుడు కనిపించేది లెక్కలోకి రాదు. చాలా కార్లలో కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా దాదాపు లీటరు. తగ్గితే కొద్దికొద్దిగా పోసి చూసుకోండి, పై గీత దాటించకండి. నేనూ ఒకసారి ఇదే లైటు చూసి, తెలివిగా స్విచ్ మార్పించాను. మూడో రోజుకు మళ్లీ వెలిగింది. అప్పుడు డిప్‌స్టిక్ తీస్తే కొస కూడా తడవలేదు!

ఆయిల్ సరిగ్గానే ఉండి లైటు వెలుగుతుంటే, అప్పుడు అసలు పరీక్ష. మెకానిక్‌తో ఆ స్విచ్ విప్పించి, దాని స్థానంలో ముల్లు తిరిగే ప్రెషర్ గేజ్ బిగించి చూడమనండి. వేడి ఇంజిన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉన్నప్పుడు ఒక బార్, ఆపైన చూపిస్తే సాధారణంగా స్విచ్‌నో వైరునో అనుమానించాలి. మీ ఇంజిన్‌కు ఎంత ఉండాలో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. గేజ్‌లోనూ తక్కువే వస్తే, బేరింగులు అరిగి సందులు పెరగడం, పంపు అరగడం, ఆయిల్ చాంబర్‌లో పంపు నోటి దగ్గరుండే జాలీకి మడ్డి పట్టడం, ఈ మూడింట్లో ఏదో ఒకటి కావచ్చు. వేడికి ఆయిల్ పలచబడుతుంది, ఐడిల్‌లో పంపు నెమ్మదిగా తిరుగుతుంది, సందుల్లోంచి ఆయిల్ జారిపోతుంది. రేస్ చేస్తే పంపు జోరందుకుంటుంది, లైటు ఆరుతుంది. మీరు చెప్పిన లక్షణం అచ్చంగా ఇదే. చిక్కటి ఆయిల్ పోస్తే లైటు ఆరిపోవచ్చు, అరుగుదల ఆగదు. బండి అమ్మేవాళ్లు చేసే పని అది.

ఇంకో మాట. నడుస్తుండగా లైటు వెలిగి ఆరకపోతే, పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపండి. గ్యారేజీ దగ్గరే కదా అని నడిపితే ఆ కాస్త దూరంలోనే బేరింగులు పట్టేయవచ్చు.

సందేహం: ఆయిల్ రంగును ఫొటో తీసి, మార్చాలో లేదో ఏఐ యాప్‌ను అడగొచ్చా? నాది డీజిల్ కారు. మార్చిన మర్నాడే నల్లగా అయిపోయింది.

జవాబు: డీజిల్‌లో అది మామూలే. మసిని కడిగి తనలో కలుపుకోవడం ఆయిల్ చేయాల్సిన పనే కాబట్టి, నలుపు చూసి ఎవరూ ఏమీ తేల్చలేరు, యాప్ అయినా సరే. కిలోమీటర్లు, నెలలు, ఈ రెంటిలో ఏది ముందొస్తే అప్పుడు మార్చండి. కంగారు పడాల్సింది వేరే చోట ఉంది. పోయకుండానే డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతుంటే ఇంధనమో కూలెంటో ఆయిల్‌లో కలుస్తోందని అర్థం. వేళ్ల మధ్య రుద్ది వాసన చూడండి, డీజిల్ వాసన ఇట్టే తెలుస్తుంది. ఆయిల్ పోసే మూత కింద పాలమీగడలాంటి నురుగుంటే మాత్రం తొందరపడకండి, చిన్న చిన్న దూరాలే తిరిగే బండికి చెమ్మ వల్ల కూడా అలా వస్తుంది. డిప్‌స్టిక్ మీదా అదే ఉండి, కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య ఉండే సీలు) సంగతి చూపించండి.

సందేహం: నా పాత పెట్రోల్ కారు ఆయిల్ తాగుతోంది, కింద చుక్క కారడం లేదు. ఇంజిన్ బోరుకొచ్చిందా?

జవాబు: ఫోన్ దీనికి బాగా పనికొస్తుంది. పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు సైలెన్సర్‌ను ఎవరిచేతనైనా వీడియో తీయించండి. కాసేపు నీలి పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్ మీద అనుమానం. గట్టిగా తొక్కినప్పుడల్లా వస్తే పిస్టన్ రింగులు. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ పరీక్ష చేయించి, తక్కువున్న సిలిండర్‌లో కాస్త ఆయిల్ వేసి మళ్లీ చూడమనండి. రీడింగ్ పెరిగితే రింగులే. అయితే ఇంజిన్ విప్పించే ముందు పీసీవీ వాల్వ్ (ఇంజిన్ అడుగున చేరే వాయువులను మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) మూసుకుపోయిందేమో చూడమనండి, దానివల్ల కూడా ఆయిల్ తాగుతుంది.