ఊక బాయిలరులో ఆక్సిజన్ ప్రోబు

ప్రశ్న: మా ఉప్పుడు బియ్యం మిల్లు బాయిలరుకు ఊకే ఇంధనం. పొగదారిలో అమర్చిన జిర్కోనియా ప్రోబు ఇదివరకు 6 శాతం దగ్గర ఆక్సిజన్ చూపేది, ఇప్పుడు 11కు తగ్గడం లేదు. ప్రోబు పోయింది, కొత్తది కొనాలంటున్నారు. అంత వేడిలో ఆ పింగాణీ ముక్క వాయువును ఎలా కొలుస్తుంది? నిజంగా పోయిందో లేదో తెలిసేదెలా?
– ఒక బాయిలరు ఆపరేటరు, నరసన్నపేట (శ్రీకాకుళం జిల్లా)

జవాబు: కొత్తది కొనే ముందు బాయిలరు తలుపులు, పొగదారి అతుకులు చూడండి. ఫ్యాను పొగను లాగుతుండటం వల్ల అక్కడ పీడనం బయటికంటే తక్కువగా ఉంటుంది కనుక, చిన్న సందు దొరికినా బయటి గాలి లోపలికి చొరబడి పొగలో కలుస్తుంది. అదే జరిగితే ప్రోబు తప్పేమీ లేదు.

మీరు పింగాణీ అంటున్నది యిట్రియా (యిట్రియం ఆక్సైడు) కలిపిన జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడు). శుద్ధ జిర్కోనియా సుమారు 1,170 డిగ్రీల దగ్గర స్ఫటిక నిర్మాణం మార్చుకుని, చల్లారేటప్పుడు ఉబ్బి పగులుతుంది. యిట్రియా ఆ మార్పును ఆపడమే కాక, స్ఫటికంలో ఆక్సిజన్ ఉండవలసిన కొన్ని చోట్లను ఖాళీగా ఉంచుతుంది. వేడెక్కినప్పుడు ఆక్సిజన్ అయాన్లు (విద్యుదావేశం ఉన్న పరమాణువులు) కదిలేది ఆ ఖాళీల మీదుగానే. ముక్కకు ఒకవైపు 20.9 శాతం ఆక్సిజన్ ఉన్న మామూలు గాలి, మరోవైపు పొగ ఉంటాయి. రెంటి మధ్య తేడాను బట్టి ప్లాటినం పూతల నడుమ వోల్టేజి పుడుతుంది. 730 డిగ్రీల వద్ద పొగలో 6 శాతం ఆక్సిజన్ ఉంటే సుమారు 27 మిల్లీవోల్టులు, 11 శాతం ఉంటే సుమారు 14 వస్తాయి.

తిరకాసు ఇక్కడే ఉంది. ముక్క పగిలి గాలి అవతలికి కారినా, అది చల్లబడిన సంగతి మీటరుకు తెలియకపోయినా వోల్టేజి తగ్గుతుంది, ఆక్సిజన్ పెరిగినట్టే కనిపిస్తుంది. అందువల్ల అంకెను మాత్రమే చూసి ప్రోబు పోయిందనడం తొందరపాటు. కాలిబ్రేషన్ గొట్టం (మీటరు సరిచూసేందుకు ప్రోబుకు ఉండే గొట్టం) గుండా, నత్రజనిలో 8 శాతం ఆక్సిజన్ కలిపిన సిలిండరు వాయువును పంపించండి. మీటరు 8 దగ్గర నిలిస్తే ప్రోబు బాగున్నట్టే, వెతకవలసింది సందుల కోసం. నిలవకపోతే ముందు, ముక్కను వేడిగా ఉంచే హీటరు ఉష్ణోగ్రతను, ఆ తర్వాత ముక్కను అనుమానించాలి. సిలిండరు కట్టేశాక పొగ రీడింగు నింపాదిగా తిరిగి వస్తుంటే ప్రోబు ముందున్న ఫిల్టరు మూసుకుపోయిందని అర్థం. ఊక బూడిదలో అధికభాగం సిలికాయే కాబట్టి అది ఫిల్టరును పూడ్చడమే కాక ఎదురుగా తగిలే లోహాన్ని అరగదీస్తుంది కూడా.

శుభ్రం చేసేటప్పుడు వేడి ప్రోబు మీద నీళ్లు పడనీయకండి, పొగ సాగుతున్నంతసేపూ హీటరు ఆపకండి. చల్లటి ముక్క మీద చేరిన తేమ, తిరిగి వేడి చేసినప్పుడు దాన్ని పగలగొట్టవచ్చు.