పుస్తకం ముందు కూర్చునే మా అమ్మాయికి

చిరంజీవి మేనకోడలికి, మేనత్త ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

ఏడాది సెలవు పెట్టి, ఇల్లు కదలకుండా నీ సిద్ధాంత గ్రంథం పూర్తి చేయబోతున్నావని మీ నాన్న చెప్పినప్పుడు నా మనసు ఉప్పొంగింది. రోజుకు పన్నెండు గంటలు కుర్చీ దిగనని నువ్వు పంతం పట్టావని కూడా చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బల్ల ఎత్తు, వెలుతురు, నడుముకు ఆనుడు వంటివి నీకు తెలిసినవే. వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, కనీసం 2 రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అది తప్పకుండా పాటించు. నా బెంగ అంతా మిగిలిన గంటల గురించే.

నా గ్రంథం చివరి రెండు నెలలూ నేనూ నీలాగే కూర్చున్నాను. లేస్తే ఆలోచన తెగిపోతుందన్న భయంతో, లేవవలసి వస్తుందని మంచినీళ్లు తాగడం కూడా తగ్గించాను. ఒకనాడు ఎడమ పిక్క పట్టేసింది. ఆ ఒక్క కాలే వాచి, తాకితే వెచ్చగా ఉన్నా, నరం పట్టిందనుకుని నాలుగు రోజులు మర్దన చేసుకుంటూ, కాలు పీట మీద చాపుకుని రాస్తూనే ఉన్నాను. అయిదో రోజు మెట్లెక్కుతుంటే ఊపిరి అందలేదు, ఛాతీలో పొడిచినట్టయింది. మీ నాన్నే నన్ను ఆసుపత్రికి మోసుకువెళ్లాడు. పిక్క లోతుల్లోని సిరలో గడ్డకట్టిన రక్తంలోంచి ఒక ముక్క ఊపిరితిత్తికి చేరిందని వైద్యులు చెప్పారు. అటువంటి కాలిని మర్దన చేయకూడదని నాకు అప్పుడే తెలిసింది. నీకు ముందే తెలియాలని ఇంత వివరంగా రాస్తున్నాను.

కాళ్లలోని రక్తం తిరిగి గుండెకు ఎక్కాలంటే పిక్క కండరాలు కదిలి సిరలను పిండాలి; గంటల తరబడి కదలకపోతే అది అక్కడే మందగిస్తుంది. 1940లో లండన్‌పై బాంబులు పడుతున్న రోజుల్లో, ఆశ్రయాలలో రాత్రంతా కుర్చీల్లో గడిపినవారిలో ఇలా రక్తపు గడ్డ ఊపిరితిత్తికి చేరి సంభవించిన మరణాలను కీత్ సింప్సన్ అనే వైద్యుడు గుర్తించాడని తరువాత చదివి వణికిపోయాను. ఇక గుండె సంగతి: ఆ నగరంలోనే రెండంతస్తుల బస్సుల మెట్లు రోజంతా ఎక్కి దిగే కండక్టర్లకన్నా, కూర్చుని బస్సు నడిపే డ్రైవర్లకు గుండెజబ్బులు ఎక్కువగా వస్తున్నాయని జెర్రీ మోరిస్ అనే వైద్య పరిశోధకుడి బృందం 1953లో ప్రకటించింది.

"లేస్తే ఏకాగ్రత పోతుంది" అన్నావట. ఆ మాట నాది తల్లీ, నా నోటి నుంచే నీకు అంటింది. దాన్ని ఇవాళ వెనక్కి తీసుకుంటున్నాను. అరగంటకొకసారి లేచి రెండు నిమిషాలు నడువు. మంచినీళ్లు పక్క గదిలో పెట్టుకో. రాసిన పేజీని నడుస్తూ పైకి చదువుకో. కూర్చుంటే కనబడని తప్పులు అప్పుడు చెవికి తగులుతాయి. లేవడం కుదరనప్పుడు మడమలైనా ఎత్తి దించుతూ ఉండు.

నువ్వు చిన్నప్పుడు ఒక్క క్షణం కుదురుగా ఉండవని ఎన్నిసార్లు కసిరానో! ఆ పిల్లే ఇప్పుడు కదలనంటే నాకు భయం వేస్తోంది. ఎప్పుడైనా ఒక్క కాలే వాచినా, ఊపిరి అందకపోయినా, అర్ధరాత్రయినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లు. నాకు ఫోను ఆ తరువాత చేయవచ్చు.

నీ మేనత్త