యూరియా మానేస్తానంటున్న మేనల్లుడికి

చిన్నా,

ఉద్యోగం వదిలి పొలంలోకి దిగుతున్నావని, ఇకమీదట యూరియా బస్తాని గట్టు దాటనివ్వనంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం పట్టలేకపోయాను. రాత్రి నిద్ర కూడా పట్టలేదు, అది వేరే సంగతి.

మట్టి పరీక్ష, పప్పుజాతి పైర్లతో పంట మార్పిడి, ఇవి నీకు తెలిసినవే. చెప్పను.

యూరియాని ఒక్కసారిగా మాత్రం మానకు. 2021లో శ్రీలంక రసాయన ఎరువుల దిగుమతి ఉన్నపళంగా ఆపేసి, దిగుబడులు పడిపోయేసరికి ఆ ఏడాదిలోనే వెనక్కి తగ్గింది. ముందు వృథా ఆపు. ప్రపంచం మొత్తం మీద చేలకి వేసే నత్రజనిలో పైరుకి అందేది దాదాపు సగమే. యూరియాని తడినేల మీద చల్లి వదిలేస్తే అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. కుండపోత వాన ముందు వేస్తే కాలవ పాలు. కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుంది, వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 270 రెట్లు వేడి పెంచుతుంది. వరికైతే దఫదఫాలుగా వెయ్యి. ప్రతిసారీ ముందు పూర్తిగా విచ్చుకున్న పై ఆకు మధ్యభాగాన్ని ఆకు పచ్చదనాన్ని పోల్చి చూసే రంగుల చార్టుకి ఆనించి, ఎండకి వీపు పెట్టి నీ నీడలోనే చూడు. ఆకు ముదురు పచ్చగా ఉంటే బస్తా విప్పకు.

నా అసలు భయం యూరియా కాదురా, పెంట.

అప్పట్లో నువ్వు నెలల పసివాడివి. మీ నాన్నకీ ఇలాంటి పట్టుదలే వచ్చింది. కోళ్ల ఫారం వాళ్లు ఉత్తినే ఇస్తున్నారని ట్రాక్టర్ల కొద్దీ పెంట తోలించాడు. చేలో చల్లగా మిగిలింది, అందుబాటులో ఉంటుందని బావి పక్కనే రాశి పోయించాడు. పైన కప్పు లేదు. వానలకి రాశి అడుగు నుంచి కాఫీ రంగు నీళ్లు సన్నగా కారి బావి చుట్టూ ఇంకేవి. ఎత్తించమని పోరాను. "సహజమైనదే కదక్కా, ఏమవుతుంది" అన్నాడు. మీ అమ్మకి పాలు చాలక నీకు డబ్బాపాలు పట్టేది, ఆ నీళ్లతోనే. పాపం, ఎంత శ్రద్ధగా మరిగించేదో! పెంటలోని నత్రజని నైట్రేటుగా మారి నీళ్లలో దిగుతుంది. మరిగిస్తే చావడానికి నైట్రేటు క్రిమి కాదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పిల్లల డాక్టరు ఆరా తీసి నీళ్లు పరీక్షకి పంపమంటే అప్పుడు తెలిసింది. తాగే నీళ్లలో లీటరుకి 50 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మన బావిలో అంతకి రెట్టింపు పైనే. పసిపిల్లల్లో అది రక్తం ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది, ఒళ్లు నీలం తిరుగుతుంది. అదృష్టం, నీకేం కాలేదు. రాశి ఎత్తించినా ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగడానికి పనికిరాలేదు. ఇప్పటికీ ఆ మాట ఎత్తితే మీ నాన్న లేచి వెళ్లిపోతాడు, నేను చెప్పానని అనకు.

అందుకని, వేసిన పెంటలో, దున్నిన పచ్చిరొట్టలో ఎంత నత్రజని ఉందో లెక్కగట్టి ఆ మేరకే యూరియా తగ్గించు. రాశి బావికి దూరంగా, గట్టి నేల మీద, టార్పాలిన్ కప్పి ఉంచు. కోత కాగానే నేలని ఖాళీగా వదలకు, మిగిలిన నైట్రేటుని పీల్చుకోవడానికి ఏదో ఒక పైరుండాలి.

పండింది క్యాంటీన్‌కి ఇస్తానన్నావట. అక్కడ పారేసే తిండిని వారం పాటు తూచి చూడు, దాన్ని పండించడానికి వేసిన ఎరువు ఎంత చెత్తబుట్టలోకి పోతోందో తెలుస్తుంది. మాంసానికి ఎరువు ఎక్కువ పడుతుందని, అది మానమని మాత్రం ఎవరికీ ఉపన్యాసాలివ్వకు. పప్పు వంటలు రుచిగా చేయిస్తే వాళ్లే తింటారు.

విత్తనాలు కొనకముందే తాగే నీళ్లు పరీక్ష చేయించి రిపోర్టు ఫొటో పంపు. బోరే కదా అనకు, బోరుదీ చేయించు. నీ భార్యకి నెలలు నిండుతున్నాయి, అదే నా టెన్షన్.

మీ అత్త