గయస్ అంటే నాకెందుకు పడదంటే

"ఫాంటసీ సీరియల్స్‌లో అందరూ మెచ్చుకునే పెద్దాయన పాత్ర, అదే గురువు లాంటిది, మీకు నచ్చకుండా పోయిందా? ఎందుకు?" అని అడిగినారు కదా. పోయింది. మెర్లిన్ అనే ఇంగ్లీషు సీరియల్లో గయస్. ఈ ప్రశ్నకు జవాబు రాసినోళ్ళంతా ఆయప్పను దేవుడు, తండ్రి తర్వాత తండ్రి అని పొగిడినారు, నేను మాత్రం ఒప్పుకోను.

నేను బెంగళూరు పీజీలో ఉన్నప్పుడు రూమ్మేట్ హార్డ్‌డిస్క్‌లో చూసినా. బీబీసీ వాళ్ళది, 2008 నుంచి 2012 దాకా వచ్చింది, మొత్తం 65 ఎపిసోడ్లు. కథ తెలీనోళ్ళకి, ఉథర్ అనే రాజు మంత్రవిద్య నిషేధించి ఉంటాడు, మెర్లిన్‌కేమో అది పుట్టుకతోనే వచ్చింది, ఆ పిల్లోన్ని ఇంట్లో పెట్టుకుని దాచి కాపాడేది రాజవైద్యుడు గయస్. ఒక కనుబొమ్మ పైకి లేపి చూస్తాడే, ఆ చూపుకే సగంమంది పడిపోయినారు. యాక్టర్ రిచర్డ్ విల్సన్ బాగా చేసినాడు, దాంట్లో వంక పెట్టను. వంకంతా పాత్ర మీదే.

రెండో సీజన్ చివరి ఎపిసోడ్లో డ్రాగన్ ఊరి మీద పడి రోజూ తగలబెడతా ఉంటుంది. దాన్ని ఆపాలంటే డ్రాగన్లను మాటతో అదుపు చేసే డ్రాగన్‌లార్డ్ కావాల, ఒకడే మిగిలినాడు, పేరు బాలినోర్. మెర్లిన్ ఆయన్ని వెతికేదానికి బయల్దేరే ముందు గయస్ మెల్లగా చెప్తాడు, "ఆయన మీ నాయన" అని. రెండు సీజన్లు ఒకే ఇంట్లో తిని పడుకున్నారు సామీ! ఒక్క రాత్రన్నా చెప్పాలనిపించలేదా? ప్రమాదమని వాళ్ళమ్మ భయపడిందంట, సరే. మరి ఇప్పుడు ప్రమాదం పోయిందా? పోలేదు, ఊరికి పని పడింది. పిల్లోనికి నాయన కావాల్సినప్పుడు నోరు రాలేదు, రాజ్యానికి డ్రాగన్‌లార్డ్ కావాల్సొచ్చేసరికి వచ్చింది. పాపం మెర్లిన్ పోయి నాయన్ని కలుసుకుంటాడు. ఆయన చెక్కతో చిన్న డ్రాగన్ బొమ్మ చెక్కిచ్చి, కొడుకు మీదికొచ్చిన కత్తి తను తీసుకుని చచ్చిపోతాడు. పక్కన ఉథర్ కొడుకు ఆర్థర్ ఉండాడు కాబట్టి మెర్లిన్‌కు మనసారా ఏడ్చేదానికి గూడా లేదు.

మన భారతంలో కుంతి చేసిందీ ఇదే. కర్ణునికి ఎప్పుడు చెప్పింది, యుద్ధం ముంగిట్లోకొచ్చినాక. కుంతిని తప్పుబట్టేదానికి హరికథలోళ్ళ కాడి నుంచి అందరూ రెడీ, గయస్‌ను మాత్రం ఎవరూ ఏమనరు, తెల్లజుట్టుండాది కదా.

నాకింత మంట ఎందుకంటే మా ఇంట్లో ఒక గయస్ ఉండాడు. మా మామ. మాది రాజంపేట కాడ పల్లె, ఆ పక్క ఇంటికొకరు కువైట్‌లో ఉంటారు. మా నాయన అక్కడ కార్పెంటర్. పోకముందు నాకు బొంగరాలు చేసిచ్చేటోడు, అంగట్లో దొరికేటివి వాటి ముందర దేనికీ పనికిరావు. నేను టెన్త్‌లో ఉన్నప్పుడు, 2004 జనవరి నుంచి, నాయన ఉత్తరాల్లో రాత మారిపోయింది. ఆయన రాతైతే పక్కకు వాలిపోయి, "ఒరే నాయనా" అని మొదలవుతుంది. ఇవి గుండ్రంగా, ముత్యాల్లాగా, పైన "ఉభయకుశలోపరి" అని. మా నాయనకు ఆ మాట తెలిసే ఛాన్సే లేదు. మామనడిగితే "పనెక్కువుందిరా, రూంలో ఎవరితోనో రాయించినాడు, నువ్వు గమ్మున చదువుకో" అన్నాడు. శుక్రవారం ఫోన్లో నాయన గొంతు మామూలుగానే ఉన్నింది, నేనూ నమ్మినా.

మే నెలలో బాడుగ సుమోలో చెన్నై ఎయిర్‌పోర్టుకు పోయినాం. నాయన ట్రాలీ తోసుకుంటా వస్తాండాడు, అదేమో ఊరికే పక్కకు తిరుక్కుంటా పోతాంది, ఎందుకంటే ఒక్క చేత్తోనే తోస్తాండాడు, రెండో చెయ్యి ప్యాంటు జేబులో. ట్రాలీ మీద తాడు కట్టిన అట్టపెట్టెలు, స్కెచ్ పెన్నుతో పేరు, నా కండ్లన్నీ పెట్టెల మీదే. దారి పొడుగునా ఏం తెచ్చినావు ఏం తెచ్చినావు అని చంపినా. కోడూరులో టీకి ఆపితే, గ్లాసు ఎడమచేత్తో తీసుకున్నాడు. అప్పుడు జేబు వైపు చూసినా. ఆయనే బయటికి తీసినాడు. చూపుడువేలు, నడిమివేలు లేవు. మిషన్ కోత, డిసెంబర్లో అయిందంట. అమ్మకు తెలుసు, జేజికి తెలుసు, అంగట్లో ఉప్పు తూచే ఆయప్పకు గూడా తెలుసంట. తెలీంది నాకూ మా తమ్మునికే.

మామ ముందుసీట్లో నుంచి వెనక్కి గూడా తిరక్కుండా "నువ్వు బాగా రాయాలనే చెప్పలేదురా అల్లుడూ" అన్నాడు. 600కి 389 వచ్చినాయి. అది చూసి "చెప్పింటే ఇవి గూడా వచ్చేటివి కాదు" అన్నాడు, ఊరంతా "నిజమే, పెద్దమనిషి" అంది. ఇట్లాంటోళ్ళతో ఇదే చిక్కు, మార్కులొస్తే వాళ్ళ తెలివి, రాకపోతే మన తలరాత.

ఇంగ ఉథర్ కోటలో పెరిగిన మోర్గానా సంగతి తీసుకోండి. పీడకలలు వస్తాండాయని ఆ పిల్ల ఏడిస్తే, అది మంత్రశక్తి అని తెలిసీ నిద్రమందు ఇచ్చి పడుకోబెట్టినాడు.  ఆ పిల్ల విలన్ అయిపోయిందంటే ముప్పాతిక వంతు గయస్ పుణ్యమే, రాసిస్తా. కోట కింద గుహలో కట్టేసి ఉండి, తర్వాత ఊరు తగలబెట్టిన డ్రాగన్ కిల్‌గారా ఉందే, అదే నయం, దాని స్వార్థం దానికుందని చూస్తానే తెలిసిపోతాది.

చెప్పొద్దని మా నాయనే అనింటాడేమో, మామనెందుకు తిడతావు అంటుంది మా ఆవిడ. ఉండొచ్చు. నేను అడగలేదు, అడగను గూడా.

పోయిన సంక్రాంతికి నాయన్ని లాప్‌టాప్ ముందర కూర్చోబెట్టి ఆ ఎపిసోడే పెట్టినా, తెలుగులో చెప్పుకుంటా. గయస్ గురించి ఏమంటాడో చూద్దామని. నాయన ఏమీ అన్లేదు. చెక్క డ్రాగన్ వచ్చిన చోట మాత్రం ఆపమని, దగ్గరికి వంగి చూసి, "కత్తితో ఇంత నున్నగా రాదురా, ఉప్పుకాగితం పెట్టినారు" అన్నాడు.