టెన్షన్ తగ్గితే చాలా, పరీక్షలు అక్కర్లేదా?

ప్రశ్న: నాకు 30 ఏళ్లు, మావారికి 34. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, ఆయనది నైట్ షిఫ్ట్. ఏడాదిన్నరగా పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. ఈమధ్య నాకు నెలసరి 40 రోజులకు వస్తోంది. ఇంట్లోవాళ్లేమో ‘టెన్షన్ పడకు, అదే వస్తుంది’ అంటున్నారు. నిజంగా టెన్షనే కారణమా?
- ఓ సోదరి, హైదరాబాద్

జవాబు: కొంతవరకు కావచ్చమ్మా. కానీ ఆ మాట నమ్మి పరీక్షలు వాయిదా వేయకండి. 35 ఏళ్లలోపు వారు ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే డాక్టర్‌ను కలవాలి. మీకు ఆ గడువు దాటింది.

మనసు మీద ఒత్తిడి ఎక్కువైతే, అండాశయాలను పనిచేయించే హార్మోన్లకు మెదడు నుంచి వెళ్లే సంకేతాలు మందగిస్తాయి. దాంతో అండం ఆలస్యంగా విడుదలవుతుంది, ఒక్కోనెల అసలు కాదు. అయితే థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్) తేడాలున్నా, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉన్నా నెలసరి ఇలాగే వెనక్కి జరుగుతుంది. ఏది కారణమో రక్తపరీక్షలు, స్కానింగ్ చేస్తేగానీ తెలియదు.

ఇంకో సంగతి. ఫోన్‌లో యాప్ చూసి, నెలసరి మొదలైన 14వ రోజునే అండం విడుదలవుతుందని ఎదురుచూస్తున్నారేమో! అండం విడుదలైన దాదాపు రెండు వారాలకు నెలసరి వస్తుంది. 40 రోజులకు నెలసరి వచ్చేవారిలో అండం విడుదలయ్యేది 26వ రోజు అటూఇటూగా. వీర్యకణాలు ఐదు రోజుల వరకు బతికి ఉంటాయి కాబట్టి, వారానికి రెండు మూడుసార్లు కలిస్తే చాలు. ‘ఇవాళే ఆ రోజు’ అని క్యాలెండర్ పెట్టుకుంటే మగవాళ్లకూ టెన్షనే. ఆ ఒక్కరోజే అంగస్తంభన సమస్య వచ్చిందని నా దగ్గరికి వచ్చే భర్తలు తక్కువేం కాదు, పైకి చెప్పుకోరంతే.

మీవారికీ వీర్యపరీక్ష తప్పనిసరి. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి శాంపిల్ ఇవ్వాలి. వీర్యకణాలు తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. ఆయన ఇవాళ సిగరెట్ మానేసినా, నిద్ర సరిచేసుకున్నా ఫలితం కనిపించేది ఆ తర్వాతే. నైట్ షిఫ్ట్ మార్చుకునే వీలుంటే మంచిది, లేదంటే పగలైనా గది చీకటి చేసుకుని ఏడు గంటలు నిద్రపోవాలి.

మీరు ఇప్పటినుంచే రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోండి. నెలసరి ఆలస్యమైన ప్రతిసారీ టెన్షన్ అనుకోకుండా ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. డాక్టర్ దగ్గరికి మాత్రం ఒక్కరే వెళ్లొద్దు, మొదటిసారే ఆయన్నీ తీసుకెళ్లండి.