కొత్త టిగ్ మెషిన్ కొన్న మేనల్లుడికి

చి. శ్రీనుకు,

మామయ్య ఆశీస్సులు. టంగ్‌స్టన్ కొనతో, ఆర్గాన్ గ్యాస్ కప్పి చేసే టిగ్ వెల్డింగ్‌కు ఏసీ, డీసీ రెండూ ఉన్న 200 ఆంప్స్ పల్స్ మెషిన్ తీసుకున్నావు, మంచి పని చేశావు. ఇప్పుడు హోటల్ కిచెన్ టేబుళ్లు, సింకులతో మొదలుపెట్టినా, రేపు అల్యూమినియం పని వస్తే ఇంకో మెషిన్ కొనక్కర్లేదు.

నువ్వు అడిగినవన్నీ ప్యానెల్ గురించే. ఏ నాబ్ ఎంతలో పెట్టాలి, ఏ బటన్ దేనికి అని. చెప్తాను. కానీ డిస్‌ప్లే మీద 60 అని కనిపిస్తే కరెంటు 60 ఆంప్స్ వస్తోందన్నంతవరకే మెషిన్ పూచీ. గ్యాస్ జాబ్ మీద, అంటే వెల్డింగ్ చేసే ముక్క మీద, నిలుస్తోందా, నీ గ్లౌజు చెమటకు తడిసిందా, పక్కన ఫ్యాను తిరుగుతోందా, ఇవి దానికి తెలియవు. చెన్నై అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో నేను చూసిన చెడ్డ వెల్డింగుల్లో సెట్టింగ్ తప్పినవి తక్కువ. గాలి, మురికి, లూజు కనెక్షన్ల వల్ల పాడైనవే ఎక్కువ. అందుకని ప్యానెల్ సంగతి తర్వాత.

ముందు కరెంటు. మెషిన్ వెనక రేటింగ్ ప్లేటు ఉంటుంది, చదువు. ఫుల్ ఆంప్స్ మీద నడిపితే సింగిల్ ఫేజులో ఇరవై, పాతిక ఆంప్స్ దాకా లాగుతుంది. గీజరుకు పెట్టే 16 ఆంప్స్ ప్లగ్గు దీనికి చాలదు. 32 ఆంప్స్ ఇండస్ట్రియల్ సాకెట్, సి కర్వ్ ఎంసీబీ, కరెంటు లీకైతే లైను కోసేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించు. వైరు 6 స్క్వేర్ ఎంఎం రాగిది. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌నే పిలువు. షెడ్డు లోడు ఎంతకు మంజూరైందో ఈబీ (కరెంటు) ఆఫీసులో కనుక్కో. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడపొద్దు. తప్పనిసరైతే, చుట్ట చుట్టిన వైరును పూర్తిగా విప్పి పరచు, చుట్టగా ఉంటే వేడెక్కి కరిగిపోతుంది.

ప్లగ్గు మూడో పిన్నుకు వచ్చే ఎర్త్ వేరు, జాబ్‌కు పట్టించే ఎర్త్ క్లాంపు వేరు. మొదటిది మెషిన్ బాడీకి కరెంటు లీకైతే నిన్ను కాపాడేది. రెండోది వెల్డింగ్ కరెంటు తిరిగి వెళ్లే దారి. క్లాంపు ఉంది కదా అని మూడో పిన్ను వైరు వదిలేసేవాళ్లను చూశాను. నువ్వు ఆ పని చెయ్యకు. క్లాంపును కూడా షెడ్డు స్తంభానికో, ఎక్కడో ఉన్న ఇనుప చువ్వకో తగిలించకుండా, వెల్డింగ్ చేసే చోటికి దగ్గరగా, పెయింటు, తుప్పు లేని చోట జాబ్‌కే పట్టించు. ఆర్క్ ఊగిసలాడుతుంటే ప్యానెల్ తిప్పే ముందు క్లాంపు చూడాలి.

చేత్తో పట్టుకుని వెల్డింగ్ చేసే పిడినే టార్చ్ అంటాం. దాని బటన్ నొక్కాక, ఆర్క్ ఇంకా పట్టకముందు ఈ మెషిన్లలో వచ్చే వోల్టేజి అరవై, ఎనభై మధ్య ఉంటుంది. అంకె చిన్నదే కదా అనుకోకు. చెన్నై ఉక్కపోతలో పది గంటలకల్లా చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోతుంది. తడి చర్మం మీద ఆ వోల్టేజి ప్రాణం తీయగలదు. గ్లౌజులు రెండు, మూడు జతలు పెట్టుకుని తడిసినవి ఆరేసి పొడివి వేసుకో. కాళ్ల కింద రబ్బరు మ్యాటు గానీ పొడి ప్లైవుడ్ గానీ ఉండాలి. టంగ్‌స్టన్ మార్చేటప్పుడు మెషిన్ ఆఫ్ చెయ్యి. టార్చ్ కేబుల్ భుజానికో నడుముకో చుట్టుకుని పనిచేసే అలవాటు అసలే వద్దు.

వానాకాలం సంగతి నీకు కొత్తగా చెప్పక్కర్లేదు, మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు ఆ ఎస్టేట్‌లో ఎన్ని షెడ్లలో మెషిన్లు మునిగాయో ఆ వీధిలో ఎవరినడిగినా చెప్తారు. మెషిన్‌ను నేల మీద పెట్టకు, నడుమెత్తు స్టాండు చేయించు. నీళ్లు తగిలిన మెషిన్ పైకి ఆరినట్టు కనిపించినా ఆన్ చెయ్యకూడదు. విప్పి చూసేవాడు చూశాకే ఆన్ చెయ్యాలి.

డ్యూటీ సైకిల్ అని రాసి ఉంటుంది చూడు. 200 ఆంప్స్ దగ్గర 60 శాతం అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు వెల్డింగ్, నాలుగు నిమిషాలు విశ్రాంతి. పేరున్న మెషిన్లకు ఆ లెక్క 40 డిగ్రీల వేడిలో కడతారు. మే నెల కత్తిరి ఎండల్లో రేకుల షెడ్డు లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది కాబట్టి నువ్వు ఇంకాస్త తగ్గించుకోవాలి. గోడకు ఒక అడుగు ఎడంగా ఉంచు, పని ఆపాక లోపలి ఫ్యాను ఇంకాసేపు తిరగనిచ్చి ఆ తర్వాత స్విచ్ తియ్యి. గ్రైండింగ్ దాని దగ్గర చెయ్యకు, ఇనప ధూళి లోపలికి లాక్కుంటే బోర్డు షార్ట్ అవుతుంది. ఆయుధ పూజకు గంధం, కుంకుమ పెడతావు కదా, పెట్టు, కానీ గాలి రంధ్రాల మీద చల్లొద్దు. నిమ్మకాయ కూడా పక్కన పెట్టు, పైన కోసి పిండొద్దు. నవ్వకు, పూజ మర్నాడు రిపేరుకు వచ్చే మెషిన్లు ఉంటాయి.

ఇక ఆర్గాన్. 99.99 శాతం తగ్గకుండా స్వచ్ఛత ఉన్నదే అడుగు. నీలం రంగు సిలిండర్ వస్తుంది. రంగు ఒక్కటే నమ్మకుండా మీద రాసిన పేరు కూడా చూడు. గొలుసుతో గోడకు కట్టెయ్యి. కదిపేటప్పుడు క్యాప్ బిగించి, ట్రాలీ మీదే. వాల్వు మెల్లగా, రెగ్యులేటర్‌కు ఎదురుగా నిలబడకుండా పక్కన ఉండి తిప్పు. జాయింట్ల దగ్గర సబ్బునీళ్లు రాసి బుడగలొస్తున్నాయేమో చూడు. 7 క్యూబిక్ మీటర్ల సిలిండర్, నిమిషానికి 8 లీటర్లు వాడితే, గ్యాస్ పారే సమయమే లెక్కేసుకున్నా పద్నాలుగు గంటల పైన రావాలి. రెండు రోజుల్లో అయిపోతోందంటే ఎక్కడో లీకు ఉంది.

ఆర్గాన్‌కు వాసన ఉండదు, గాలికన్నా బరువు. ట్యాంకులో, గుంతలో, కిటికీలు లేని మూలలో అడుగున చేరి ఆక్సిజన్‌ను పక్కకు నెట్టేస్తుంది. లోపలున్న మనిషికి ఊపిరాడటం లేదని తెలిసేలోపే పడిపోతాడు. నీళ్ల ట్యాంకు లోపలికి దిగి వెల్డింగ్ చెయ్యమని ఎవరైనా అడిగితే ఒప్పుకోకు. ఆక్సిజన్ కొలిచే మీటరు, బయట కాపలా మనిషి, లోపలికి గాలి కొట్టే బ్లోయరు లేకుండా అది నువ్వు చేసే పని కాదు. పడిపోయినవాణ్ణి తీయడానికి వెంటనే దిగిన రెండోవాడూ పడిపోవడం ఇలాంటి ప్రమాదాల్లో మామూలు.

ఇప్పుడు అసలు చిక్కు. చెన్నైలో ఫ్యాను లేకుండా పని చెయ్యలేం, ఫ్యాను ఉంటే టిగ్ చెయ్యలేం. టంగ్‌స్టన్ కొన చుట్టూ ఉన్న గ్యాస్ చాలా పలచనిది, పెడస్టల్ ఫ్యాను గాలి దాన్ని ఇట్టే ఊడ్చేస్తుంది. బీడ్‌లో, అంటే వెల్డింగ్ కుట్టులో, బొక్కలు పడతాయి, టంగ్‌స్టన్ నల్లబడుతుంది. అప్పుడు చాలామంది గ్యాస్ పెంచుతారు. 15, 20 లీటర్లు పెడితే టార్చ్ మూతికి ఉండే కప్పులోంచి గ్యాస్ సుడి తిరిగి బయటి గాలిని లోపలికి లాగుతుంది, ఇంకా పాడవుతుంది. నెం. 6 కప్పుకు 6 నుంచి 8 లీటర్లు చాలు. గ్యాస్‌ను సమంగా వదిలే జాలీ, గ్యాస్ లెన్స్ అంటారు, ఒకటి కొనుక్కుని నెం. 8 కప్పు వేసుకో, గ్యాస్ నెమ్మదిగా, నిటారుగా దిగుతుంది. టేబుల్‌కు మూడు వైపులా రేకు గానీ వెల్డింగ్ కర్టెన్ గానీ కట్టు. ఫ్యాను కావాలంటే జాబ్ వైపు కాకుండా నీ వీపు వెనక కిందికి తిప్పిపెట్టు, గాలి టేబుల్ ఎత్తుకు రాకూడదు. గోడ పైభాగాన ఎగ్జాస్ట్ ఫ్యాను తప్పనిసరి, పొగ పోవాలి కదా. సన్న షీటు పనులు పొద్దున ఆరింటికే మొదలుపెట్టుకుంటే సగం ఇబ్బంది తీరిపోతుంది, కస్టమరుకూ పదకొండింటికల్లా ముక్క చూపించొచ్చు.

కనెక్షన్. స్టీలుకు డీసీ, టార్చ్ మైనస్‌కు, క్లాంపు ప్లస్‌కు. నువ్వు ఇన్నాళ్లు ఆర్క్ వెల్డింగ్‌లో హోల్డరు ప్లస్‌కు పెట్టావు కాబట్టి చెయ్యి అటే పోతుంది. అలా పెడితే టంగ్‌స్టన్ కొన క్షణాల్లో గుండుగా కరిగిపోతుంది. అల్యూమినియంకు ఏసీ. టంగ్‌స్టన్ ఎర్రతల ఉన్నది చవగ్గా దొరుకుతుంది, అందులో థోరియం రేడియోధార్మికం, నూరేటప్పుడు ఆ పొడి పీల్చకూడదు. లాంథనం ఉన్న బంగారు తలదో, నీలం తలదో కొను, దాదాపు అన్నింటికీ పనికొస్తుంది. నీ పనికి 1.6 ఎంఎం చాలు. దాని కోసం ఒక చక్రం ప్రత్యేకంగా పెట్టుకో, కొనను నిలువుగా నూరు, అడ్డంగా గీతలు పడితే ఆర్క్ అటూ ఇటూ తిరుగుతుంది. జాబ్‌కు తగిలి కొన మలినమైతే బద్ధకించకుండా తీసి నూరుకో.

ప్యానెల్‌కు వద్దాం. 1.2 ఎంఎం స్టీలు షీటుకు 35 నుంచి 45 ఆంప్స్, 2 ఎంఎంకు 55 నుంచి 70 మధ్య మొదలుపెట్టి బీడ్ చూసి మార్చుకో. పొడవు కుట్లకు 4టీ (బటన్ నొక్కి వదిలినా ఆర్క్ నడుస్తుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది), చిన్న టాకాలకు 2టీ (నొక్కి పట్టినంతసేపే). ప్రీ ఫ్లో, అంటే ఆర్క్‌కు ముందు వదిలే గ్యాస్, అర సెకను. చివర కరెంటు మెల్లగా తగ్గే డౌన్ స్లోప్ రెండు, మూడు సెకన్లు పెడితే చివర గుంట పడి పగులు రాదు. ఆర్క్ ఆగాక వచ్చే గ్యాస్, పోస్ట్ ఫ్లో, పది ఆంప్స్‌కు ఒక సెకను చొప్పున, ఐదు తగ్గకుండా. గ్యాస్ ఆగేదాకా టార్చ్ అక్కడే పట్టుకో, డబ్బు వృథా అనిపిస్తుంది, కాదు. కరెంటు ఎక్కువ, తక్కువగా మారుతూ వచ్చే పల్స్ మొదట వాడకు. కుదురు వచ్చాక సెకనుకు ఒకటి, రెండు పల్సులు పెట్టి, పల్సు వచ్చినప్పుడల్లా కరిగించి నింపే రాడ్ ముంచు, సన్న షీటు మాడకుండా ఉంటుంది. అల్యూమినియంకు ఏసీ బ్యాలెన్స్ (టార్చ్ మైనస్‌గా ఉండే వంతు) డెబ్బై శాతం దగ్గర, ఫ్రీక్వెన్సీ వంద హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టు. కొన జాబ్‌కు తాకకుండానే ఆర్క్ పుట్టించే హెచ్ఎఫ్ (హై ఫ్రీక్వెన్సీ) స్టార్ట్ వాడేటప్పుడు, కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ మెషిన్లున్న పక్క షెడ్డు వాడికి ముందే చెప్పు, ఆ ఫ్రీక్వెన్సీకి కంట్రోలర్లు తికమకపడొచ్చు. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లను దగ్గరికి రానివ్వకు. కొన తాకించి ఎత్తే లిఫ్ట్ ఆర్క్‌తో కంట్రోలర్ల గొడవ ఉండదు, కానీ పేస్‌మేకర్ జాగ్రత్త అప్పుడూ తప్పదు.

304 రకం స్టీలు షీటుకు 308ఎల్ రాడ్, స్టీలును ఇనుముకు కలపాలంటే 309ఎల్. షీటు కొనేటప్పుడు జాగ్రత్త, 304 అని చవక రకం 202 అంటగట్టేవాళ్లు ఉన్నారు, అయస్కాంతం పెట్టి చూస్తే రెండూ అంటుకోవు. స్టీలు బ్రష్ స్టీలుకే ఉంచు, ఇనుము మీద రుద్దినది దీనికి తగిలితే నెలలో తుప్పు మచ్చలు. తుడవడానికి అసిటోన్, అదీ పూర్తిగా ఆరాకే ఆర్క్, డబ్బా దూరంగా. బ్రేక్ క్లీనర్ డబ్బాలు వాడొద్దు. కొన్నింట్లో ఉండే క్లోరిన్ ద్రావకం ఆర్క్ వెలుతురుకు ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది. జింకు పూత పైపులైతే పూత తీసేశాకే. బీడ్ బంగారు రంగు, నీలం అయితే ఫరవాలేదు, బూడిద రంగు, నలుపు అయితే వేడి ఎక్కువైనట్టో గ్యాస్ అందనట్టో.

టిగ్‌లో పొగ తక్కువ కనిపిస్తుంది కాబట్టి ప్రమాదం తక్కువనుకుంటారు. అతినీల కిరణాలు ఇందులో ఎక్కువే, పొగ అడ్డం లేదు కనుక నేరుగా వస్తాయి. స్టీలు పొగలో క్రోమియం ఉంటుంది. వెల్డింగ్ పొగను క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చి ఏళ్లయింది. పొగకు తగిన మాస్కు వేసుకో, తలను పొగ దారిలో పెట్టకు. ఆర్క్ పడగానే అద్దం దానంతటదే నల్లబడే ఆటో హెల్మెట్ కొనేటప్పుడు నాలుగు సెన్సార్లున్నది తీసుకో, తక్కువ ఆంప్స్ ఆర్క్‌ను చవకవి పట్టుకోలేక మెరుస్తాయి. నీ పనికి షేడ్ 10 సరిపోతుంది. నూలు చొక్కా, పొడుగు చేతులు, మెడ గుండీ వేసి.

రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మండితే అది ఆర్క్ దెబ్బ. పాలచుక్కలు, బంగాళదుంప ముక్కలు వద్దు. మందుల షాపులో తిమ్మిరి చుక్కలు కొనుక్కుని పదేపదే వేసుకోవడం ఇంకా ప్రమాదం, పుండు మానదు. ఎగ్మోర్ ప్రభుత్వ కంటి ఆసుపత్రికి వెళ్లు, 1819 నుంచి ఉంది, ఎవరినడిగినా దారి చెప్తారు.

నీ హెల్పర్ కుర్రాడికి కూడా సొంత హెల్మెట్ కొను. ఒకే హెల్మెట్ ఇద్దరూ మార్చుకుంటే పట్టుకునేవాడు పక్కకు తిరిగి కళ్లు మూసుకుంటాడు, ఆ చెయ్యి కదిలి నీ జాబ్ పోతుంది, వాడి కళ్లూ పోతాయి. డబ్బులు సరిపోకపోతే పల్స్ మెషిన్‌కు ఫుట్ పెడల్ (కాలితో ఆంప్స్ మార్చేది) కొనడం వాయిదా వెయ్యి.

మీ మామయ్య,
గూడూరు